పాత ఎక్సెల్ బండికి థర్డ్ పార్టీ చాలా, ఫుల్ ఇన్సూరెన్స్ చేయించాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారికి 2021లో కొత్తగా కొన్న టీవీఎస్ ఎక్సెల్ 100 ఉంది, షోరూమ్ వాళ్లు ఇచ్చిన ఐదేళ్ల పాలసీ వచ్చే నెలతో అయిపోతుంది, ఊళ్లో ఏజెంటేమో 843 రూపాయలు ఇవ్వండి థర్డ్ పార్టీ కొట్టించేస్తా చాలు అంటున్నాడు, ఆన్‌లైన్‌లో చూస్తే ఫుల్ ఇన్సూరెన్స్ పదిహేను పదహారొందలు చూపిస్తోంది, అమ్మితే పాతిక వేలు కూడా రాని బండికి అంత దండగ కదా అని. పొద్దున్నే పాల క్యాన్లు కేంద్రానికి వెళ్లేది దాని మీదే, అమ్మగారు సంతకీ ఆస్పత్రికీ వెనక కూర్చుని వెళ్లేది దాని మీదే, ఇంటర్ చదివే మీ తమ్ముడు కూడా అప్పుడప్పుడు తీస్తాడని నువ్వే రాశావు.

నేను మోటార్ క్లెయిమ్‌ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా, అందులో ఎక్సెల్ బండ్లే బోలెడు, మన గుంటూరు తెనాలి వైపు ఊళ్లలో అది లేని ఇల్లు తక్కువ. నా మాట ముందే చెప్పేస్తా, ఫుల్ చేయించు. కాకపోతే బండి కోసం కాదు, బండి కోసమే అయితే నువ్వన్నట్టు దండగే. వెనక సీట్లో కూర్చునే అమ్మగారి కోసం.

ఎందుకో చెప్పాలంటే ముందు థర్డ్ పార్టీ అంటే ఏంటో చూడాలి. మనోళ్లు చాలామంది దాన్ని పోలీసులు ఆపితే చూపించే కాగితం అనుకుంటారు, లేకపోతే 2,000 ఫైను, రెండోసారి దొరికితే 4,000, అందుకని ఏదో ఒకటి కొట్టిస్తారు. నిజానికి అది చాలా పెద్ద కవర్. మీ నాన్నగారి బండి తగిలి రోడ్డు మీద ఎవరైనా చనిపోయినా, కాలు చెయ్యి పోయినా యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్ ఎంత పరిహారం వేస్తే అంతా కంపెనీ కట్టాలి, పది లక్షలైనా అరవై లక్షలైనా దానికి లిమిట్ లేదు. ఎదుటివాడి వస్తువులకి, అంటే కారు డోరు, కొట్టు షట్టరు లాంటివాటికి మాత్రం టూవీలర్ పాలసీలో లక్ష దాకా. ఇంత కవర్ 714 రూపాయలకి, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే నీ ఏజెంట్ చెప్పిన 843 వస్తుంది, అంటే ఆయన లెక్క కరెక్టే. ఇది 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేటు, 75 సీసీ దాటి 150 లోపు బండ్లన్నిటికీ ఒకటే, కేంద్ర ప్రభుత్వం ఫిక్స్ చేసేది కాబట్టి ఏ కంపెనీలో తీసుకున్నా మారదు, మళ్లీ రివైజ్ చేస్తేనే మారుతుంది. మా కంపెనీలో టీపీ (థర్డ్ పార్టీ) చవక అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఎక్సెల్ 100 ఇంజన్ 99.7 సీసీ కాబట్టి ఈ స్లాబులో పడింది, పాత ఎక్సెల్ సూపర్ అయితే 69.9 సీసీ, దానికి 538 ప్లస్ జీఎస్టీ. సూపర్ బండికి కూడా అలవాటు కొద్దీ 714 స్లాబ్ కొట్టేసే వాళ్లున్నారు, అలాంటి బండి ఉన్నోళ్లు ఆర్సీలో సీసీ ఎంతుందో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ థర్డ్ పార్టీ అనే మాటలో "ఎదుటివాడు" అంటే రోడ్డు మీదున్న వాడు. మన బండి వెనక కూర్చున్న మనిషి అందులోకి రాడు. టీపీ ఒక్కటే ఉన్న టూవీలర్ మీద వెనక కూర్చున్న వాళ్లకి కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది, ఆ తర్వాత కూడా అదే లైన్‌లో తీర్పులొచ్చాయి. అదే ఫుల్ ఇన్సూరెన్స్, అంటే ప్యాకేజీ పాలసీ ఉంటే వెనక కూర్చున్న వాళ్లు కూడా కవర్ అవుతారు, ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏ 2009 నవంబర్‌లో కంపెనీలన్నిటికీ ఇది స్పష్టంగా రాసి పంపింది, 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ప్యాకేజీ పాలసీకీ యాక్ట్ పాలసీకీ (అంటే టీపీ ఒక్కటే ఉన్నదానికీ) ఉన్న తేడా ఇదేనని చెప్పింది. నాన్నగారు గొడ్డు అడ్డమొచ్చి సడన్ బ్రేక్ వేశారు, అమ్మగారు వెనక నుంచి పడిపోయి తుంటి ఎముక విరిగింది అనుకో, అక్కడ ఎదురు బండే లేదు, కేసు పెడితే మన బండి మీదే పెట్టాలి, టీపీ ఒక్కటే ఉంటే కంపెనీ లాయరు చూపించే మొదటి పాయింట్ ఇదే అవుతుంది. లారీయో కారో గుద్దితే వేరే సంగతి, అప్పుడు తప్పు ఆ బండిది కాబట్టి దాని ఇన్సూరెన్స్ మీద వెళ్తాం. కానీ పల్లె రోడ్ల మీద ఎక్సెల్ వెనక ఆడవాళ్లు పడేవి ఎక్కువగా ఇలా ఒంటరిగా పడేవే, చీర కొంగు చక్రంలో చుట్టుకోవడం, స్పీడ్ బ్రేకర్ దగ్గర జారడం, పక్కకి కూర్చుని ఒక చేత్తో సంచి పట్టుకుని ఇంకో చేత్తో ఏమీ పట్టుకోకపోవడం.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది, బండి ఖరీదు చూసి పాలసీ ఎంచుకోవద్దు, దాని మీద ఎవరు కూర్చుంటారో చూసి ఎంచుకో అని. వెనక సీటు పీకేసి క్యారియర్ పెట్టి ఒంటరిగా పొలానికి వెళ్లొచ్చే మనిషైతే నేనే టీపీ చాలు అంటా.

బండి కోసం ఎందుకు దండగంటున్నానో కూడా లెక్క చూపిస్తా. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ అంటే కంపెనీతో మనం మాట్లాడుకుని పెట్టుకునే విలువ, నీ బండికి ఇరవై, ఇరవై రెండు వేలు పెడతారేమో. పోయినా, పూర్తిగా నుజ్జయినా వచ్చేది అంతే. చిన్న యాక్సిడెంట్ చూద్దాం, ముందు మడ్‌గార్డు, హెడ్‌లైట్ డోము, హ్యాండిల్ గ్రిప్పులు, ఇండికేటర్లు కలిపి ప్లాస్టిక్కు రబ్బరు సామాను 2,000, ఫోర్కు, హ్యాండిల్ బారు ఇనుప సామాను 2,000, మెకానిక్ కూలి 800, మొత్తం 4,800 బిల్లు అనుకో. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ వీటన్నిటికీ బండి వయసుతో పని లేకుండా సగం కోస్తారు, ఇనుప సామానుకి ఐదు నుంచి పదేళ్ల బండికి 40 శాతం కోస్తారు. అంటే 1,000 ప్లస్ 1,200 ప్లస్ 800, ఇందులోంచి కంపల్సరీ డిడక్టబుల్ అని, అంటే మనమే భరించాల్సిన వాటా, ఇంకో 100 తీస్తే నీ చేతికి 2,900. దీనికోసం నష్టం లెక్కేసే సర్వేయర్‌ని పిలవాలి, ఫోటోలు, ఎస్టిమేటు, లైసెన్సు ఆర్సీ కాపీలు, షెడ్డు చుట్టూ తిరుగుడు, ఆ నాలుగు రోజులు పాలు మోసేది ఎవరు. అందుకే చాలామంది పెట్టుకోరు, పెట్టుకోకపోవడమే మంచిది కూడా, ఆ ఏడాది ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నిలుస్తుంది. ఇలా వయసు కోతలు లేకుండా ఇచ్చే జీరో డెప్ అడగొచ్చు కదా అంటావేమో, ఐదేళ్లు దాటిన బండికి మామూలుగా ఇవ్వరు, ఇచ్చినా ఈ బండికి ఆ డబ్బు పెట్టొద్దు. దొంగతనం ఒక్కటే ఆలోచించాల్సింది, అది ఫుల్‌లోనే వస్తుంది, టీపీలో రాదు. దానికి ఎఫ్ఐఆర్ వెంటనే కావాలి, రెండు తాళాలూ అడుగుతారు, రెండో తాళం ఎక్కడుందో ఇవాళే వెతికి పెట్టుకో, సగం ఇళ్లల్లో అది ఉండదు.

ఇంకో సంగతి, "ఐదేళ్ల పాలసీ" అన్నావు చూడు, అక్కడ మీ ఇంట్లో వాళ్లకి ఒక అపోహ ఉన్నట్టుంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి సుప్రీంకోర్టు ఆర్డరు ప్రకారం కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు, కానీ సొంత డ్యామేజీ (ఓడీ) భాగం మామూలుగా ఒక్క ఏడాదికే ఇస్తారు. పాలసీ కాగితం తీసి చూడు, రెండు వరసల్లో రెండు తేదీలుంటాయి, ఓడీ కింద 2022 అనీ, టీపీ కింద 2026 అనీ. అంటే గత నాలుగేళ్లూ మీ అమ్మగారు కవర్ లేకుండానే వెనక కూర్చున్నారన్నమాట. మధ్యలో ఓడీ రెన్యువల్ చేయించి ఉంటే సరే, లేకపోతే దీనివల్ల రెండు వస్తాయి. ఒకటి, గ్యాప్ వచ్చింది కాబట్టి ఇప్పుడు ఫుల్ కొట్టించాలంటే కంపెనీ బండిని చూస్తుంది, మనిషిని పంపడమో యాప్‌లో వీడియో తీసి పెట్టమనడమో చేస్తుంది. రెండోది ముఖ్యం, ఆన్‌లైన్‌లో ఫారం నింపేటప్పుడు "పోయినసారి క్లెయిమ్ చేశారా" అని అడుగుతుంది, లేదు అని నొక్కగానే ఎన్‌సీబీ డిస్కౌంట్ దానంతటదే వచ్చి పడుతుంది, ధర తగ్గింది కదా అని సంబరపడి కట్టేస్తారు. ఓడీ పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే ఎన్‌సీబీ పోయినట్టే. లేని ఎన్‌సీబీ తీసుకుంటే రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ పాత పాలసీ తిరగేసి అక్కడే పట్టుకుంటుంది. నీకు చూపించిన పదిహేనొందల రేటులో అది కలిసి ఉందేమో చూసుకో, తీసేస్తే ఓ వందో రెండొందలో పెరుగుతుంది, పెరగనీ.

పాల క్యాన్ల గురించి నువ్వు అడగలేదు కానీ నాకు అదే ఎక్కువ గుబులు. పాలసీలో "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని ఒక చిన్న అక్షరాల పేరా ఉంటుంది, అద్దెకి తిప్పడానికీ, సొంత లగేజీ, శాంపిళ్లు తప్ప సరుకు రవాణాకీ ఈ పాలసీ వర్తించదు అని అందులో రాసి ఉంటుంది. ఎక్సెల్ బండి మన దగ్గర అమ్ముడుపోయేదే సరుకు మోయడానికి, పాలు, చేపలు, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు, ఇడ్లీ బండి సామాను, కానీ రిజిస్ట్రేషన్ సొంత వాడకం బండిగానే. ఆ పేరాని కంపెనీలు ప్రతిసారీ వాడవు, కానీ వాడాలనుకుంటే మాత్రం అది అక్కడే రెడీగా ఉంటుంది. మా వైపు ఒకాయన రెండు పెద్ద క్యాన్లతో కాలవ గట్టు మీద పడ్డాడు, సర్వేయర్ తీసుకున్న ఫోటోల్లో బండికంటే క్యాన్లే ఎక్కువ కనిపిస్తున్నాయి, బండి రిపేరు క్లెయిమ్ తిరగ్గొట్టారు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. సొంత గేదెల పాలు కేంద్రానికి తీసుకెళ్లడం ఒకటి, ఊళ్లో పదిళ్ల పాలు పోగుచేసి కూలికి మోయడం ఇంకొకటి, రెండోదానికి వాదించడం చాలా కష్టం. మీది మొదటిదే అయితే కంపెనీకి ఒక మెయిల్ పెట్టు, మా ఇంటి పాలు రోజూ ఈ బండి మీద కేంద్రానికి వెళ్తాయి, దీనికి కవర్ ఉందా అని, వచ్చిన జవాబు దాచుకో. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. అబద్ధం చెప్పి క్లెయిమ్ పెట్టే సలహా మాత్రం నేనివ్వను, ఎవరైనా ఇచ్చినా వినొద్దు. యాప్ డెలివరీలకి ఎక్సెల్ తిప్పే కుర్రాళ్లకీ ఇదే చిక్కు, అది సొంత వాడకం కాదు.

మీ తమ్ముడి సంగతి. మోపెడ్ కదా, గేర్లు లేవు కదా, పదహారేళ్లకే లైసెన్సు వస్తుంది కదా అని అందరూ అంటారు. పదహారేళ్లకి ఇచ్చేది 50 సీసీ లోపు బండ్లకే, ఎక్సెల్ 100 దానికి రెట్టింపు. పద్దెనిమిది నిండనివాడు దాన్ని నడిపి దొరికితే చలానా వాడికి కాదు, బండి యజమానికి, తల్లిదండ్రులకి, 25,000 ఫైను, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, 2019 సవరణలో పెట్టిన సెక్షన్ ఇది. ఇన్సూరెన్స్ వైపు నుంచి చూస్తే ఇంకా ఘోరం, లైసెన్సు లేనివాడు నడిపితే బండి రిపేరు రాదు సరే, వాడు ఎవరినైనా గుద్దితే కంపెనీ ముందు పరిహారం కట్టి తర్వాత ఆ మొత్తం యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పడం మామూలే, 2004 స్వరణ్ సింగ్ కేసు నుంచీ నడుస్తున్న పద్ధతి. యజమాని అంటే మీ నాన్నగారు, వసూలు అంటే పొలం. తాళం దాచేయండి, ఇంతకంటే దీని మీద చెప్పేది లేదు.

నాన్నగారి లైసెన్సు కూడా చూడు. రెన్యువల్ అయ్యిందా అని అడిగితే "నా దగ్గర ఎప్పుడో తీసిన లైసెన్సు ఉందిరా" అంటారు పెద్దాళ్లు, తీసి చూస్తే డేటు అయిపోయి ఏళ్లయ్యుంటుంది. ఇది ఎందుకంటే పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ (పీఏ) అని 15 లక్షల కవర్ ఉంటుంది, యజమాని తన బండి మీద పోతే ఇంట్లో వాళ్లకి 15 లక్షలు, రెండు కాళ్లో రెండు చేతులో పోయినా 15 లక్షలు, ఒక చెయ్యో ఒక కన్నో పోతే సగం. మన మనిషికి మన తప్పు వల్ల దెబ్బ తగిలినా డబ్బొచ్చే భాగం ఇది. కానీ ఆర్సీలో పేరున్న మనిషే నడుపుతూ ఉండాలి, ఆయన పేరే పాలసీలో ఉండాలి, ఆయనకి చెల్లే లైసెన్సు ఉండాలి, ఈ మూడూ ఉంటేనే. నువ్వు ఊరెళ్లినప్పుడు బండి తీస్తే నీకు ఇది రాదు, నీ పేరు మీద బండి కాదు కాబట్టి. ఆస్పత్రి ఖర్చులు కూడా ఇందులో రావు, అది వేరే సంగతి. ఏజెంట్ చెప్పిన 843లో ఈ పీఏ లేదు చూడు, రేటు తగ్గించి చెప్పడానికి చాలామంది దీన్ని తీసేసి, 15 లక్షల కవర్ నాకు వేరే ఉంది అని మన తరఫున డిక్లరేషన్ టిక్కు కొట్టేస్తారు. నిజంగా వేరే ఉంటే ఫర్వాలేదు, మీ నాన్నగారికి ఉండదనే నా అంచనా. బ్యాంకులో 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా ఉంది కదా అంటారు, అది 2 లక్షలే, దీనికి బదులు కాదు. పీఏ ఖచ్చితంగా పెట్టించు, నామినీ పేరు సరిగ్గా రాయించు.

ఆ సురక్షా బీమా మాట వచ్చింది కాబట్టి, అమ్మగారికి బ్యాంకు ఖాతా ఉంటే, వయసు డెబ్బై లోపు అయితే అది తప్పకుండా చేయించు. ఏడాదికి 20 రూపాయలు, యాక్సిడెంట్‌లో ప్రాణం పోతే 2 లక్షలు, ఏ బండి, ఎవరు నడిపారు, లైసెన్సుందా లాంటి గొడవ లేదు. జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తుంది, మే నెలాఖరుకి ఖాతాలో బ్యాలెన్స్ లేక ఆగిపోయిన కేసులు చాలా ఉంటాయి, అది చూసుకో. బండి పాలసీలోనే వెనక కూర్చునేవాళ్లకి పీఏ అని లక్ష దాకా విడిగా కలుపుతారు, దానికయ్యేది చాలా తక్కువ, కలపమను.

సెకండ్ హ్యాండ్ ఎక్సెల్ కొన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే, పేరు మార్చుకోకుండా పాత ఓనరు పేరు మీదే పాలసీ కట్టుకుంటూ పోవడం మన ఊళ్లలో మామూలు, అది ఇద్దరికీ ప్రమాదమే. థర్డ్ పార్టీ బండితోపాటే మీకు వస్తుంది, ఓడీ మాత్రం పాలసీ మీ పేరుకి మారితేనే, పీఏ అసలు రాదు. అమ్మినవాళ్లకి ఇంకా ముప్పు, ఆర్సీలో పేరు ఎవరిదైతే యాక్సిడెంట్ కేసులో బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చేసింది. ఇక కరెంటు మోపెడ్ తీసుకునేవాళ్లకైతే, 3 కిలోవాట్ల లోపు దానికి టీపీ 457 ప్లస్ జీఎస్టీ, మిగతాదంతా పైన చెప్పిందే. గంటకి 25 కిలోమీటర్లు దాటని 250 వాట్ల లోపు బండికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ రెండూ తప్పనిసరి కాదు, కానీ దాంతో ఎవరినైనా గుద్దితే కట్టేది సొంత జేబులోంచే.

నీ విషయానికొస్తే, టీపీ అయిపోయే రోజు దాకా ఆగొద్దు, వారం పది రోజుల ముందే ఏజెంట్‌తో మాట్లాడు. ప్యాకేజీ పాలసీ, ఓనర్ పీఏ 15 లక్షలు, వెనక సీటు పీఏ, ఎన్‌సీబీ సున్నా, జీరో డెప్ వద్దు, ఈ లెక్కన ఎంతవుతుందో వాట్సాప్‌లో రాసి పెట్టమను, ఆన్‌లైన్‌లో ఇవే టిక్కులు పెట్టి పోల్చుకో, వంద రెండొందలు తేడా అయితే నేనైతే ఏజెంట్ దగ్గరే చేయిస్తా, రేపు క్లెయిమ్ వస్తే నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు, షెడ్డు దగ్గర నాన్నగారి పక్కన నిలబడేది ఆయనే. పాలసీ వచ్చాక ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, మొదలయ్యే తేదీతోపాటు టైము కూడా ఆర్సీ పక్కన పెట్టి చూడు, తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ అప్‌డేట్ అయ్యిందో లేదో చూడు, కొన్ని రోజులకీ అక్కడ కనపడకపోతే కంపెనీ సైటులో పాలసీ నంబరు వెతుకు, దొంగ పాలసీలు తిరుగుతున్నాయి. కాగితం బండిలోనే పెట్టాలా అంటే, డిజిలాకర్‌లో ఉంటే పోలీసులు ఒప్పుకోవాలి, నాన్నగారిది బటన్ ఫోన్ అయితే ఒక జిరాక్స్ జేబులో ఉంచమను.